సైన్స్ మాస్టారి చదువులో లేని ప్రయోగం

బి.ఇడి. భౌతికశాస్త్ర మెథడాలజీ పరీక్షలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: అన్వేషణా పద్ధతిని వివరించి, దాని గుణదోషాలు రాయండి. జవాబు గైడులో సిద్ధంగా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు, కొన్ని గుణాలు, కొన్ని దోషాలు, చివర రెండు వాక్యాల ముగింపు. హెన్రీ ఎడ్వర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ లండన్‌లో రసాయనశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. పిల్లవాడు గురువు చెప్పింది అప్పగించడం మానేసి, తన చేతులతో చేసి తెలుసుకోవాలని జీవితమంతా పోరాడాడు. ఆయన పద్ధతిని మనవాళ్లు కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇందులో ఛాత్రోపాధ్యాయుల తప్పు వెదకడం అన్యాయం. వాళ్లను ఎలా కొలుస్తారో అలాగే తయారవుతారు. హైస్కూలు సైన్స్ ఉపాధ్యాయుణ్ణి తీర్చిదిద్దే మన ఏర్పాటు మొదటి నుంచీ పాఠం చెప్పడం చుట్టూ అల్లుకుంది. ప్రయోగం చేయడం దాని అంచుల్లోనే ఉండిపోయింది. దీనికి డబ్బు లేకపోవడమే కారణమని అందరూ అంటారు. చరిత్ర చూస్తే అంతకంటే బలమైన కారణాలు రెండు కనిపిస్తాయి: ఆ ఏర్పాటు పుట్టిన తీరు, దాన్ని కొలిచిన పరీక్ష.

కథను ఇంగ్లండు నుంచి మొదలుపెట్టక తప్పదు. మద్రాసు ప్రెసిడెన్సీకి ట్రైనింగ్ కాలేజీ అచ్చు అక్కడి నుంచే దిగింది. అక్కడే పుట్టిన ఇంకో అచ్చు మాత్రం మన దాకా రాలేదు. 1859 నుంచి అక్కడి సైన్స్ అండ్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ సైన్స్ పరీక్షలు పెట్టి, ఎంతమంది విద్యార్థులు పాసైతే అంత సొమ్ము ఉపాధ్యాయుడికి చెల్లించేది. ఫలితం ఊహించదగిందే. సైన్స్ చెప్పేవాళ్లు పెరిగారు, పుస్తకం బట్టీ కొట్టించడం అంతకు మించి పెరిగింది. ఆ పరీక్షల పేపర్లు దిద్దిన వాళ్లలో జీవశాస్త్రజ్ఞుడు థామస్ హెన్రీ హక్స్‌లీ ఒకడు కాబట్టి, ఎప్పుడూ సూక్ష్మదర్శినిలోకి తొంగిచూడని మాస్టర్లు ఎలాంటి జవాబులు రాయిస్తారో ఆయనకు బాగా తెలుసు. 1871 వేసవిలో సౌత్ కెన్సింగ్టన్‌లో ఆయన బడిపంతుళ్ల కోసమే జీవశాస్త్ర తరగతులు పెట్టాడు. ఉపన్యాసం అయిన వెంటనే ప్రయోగబల్ల దగ్గరికి వెళ్లాలి. ఉపన్యాసంలో విన్నది ప్రతిదీ కోసి, చూసి, బొమ్మ గీసి సరిచూసుకోవాలి. ఆ అనుభవంతోనే ఆయన తన సహాయకుడు మార్టిన్‌తో కలిసి 1875లో ప్రయోగ జీవశాస్త్ర పాఠ్యగ్రంథం అచ్చు వేయించాడు. అది ఈస్టుతో మొదలై కప్ప దాకా నడుస్తుంది. సైన్స్ ఉపాధ్యాయుడి శిక్షణ అంటే మొదట అతనిచేత సైన్స్ చేయించడం అన్న ఆలోచన అక్కడ స్పష్టంగా ఉంది. పాఠం ఎలా చెప్పాలన్నది ఆ తర్వాతి మాట.

అయితే హక్స్‌లీ బడి కథను విజయగాథగా చెబితే అబద్ధమవుతుంది. 1881లో, ఆయన పాఠాలు చెప్పే సౌత్ కెన్సింగ్టన్ సంస్థ నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్ అయింది, అంటే పేరులోనే ఉపాధ్యాయ శిక్షణ ఉంది. 1890 నాటికి రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్ అయింది, 1907లో ఇంపీరియల్ కాలేజీలో కలిసిపోయింది. పంతుళ్ల కోసం పుట్టిన సంస్థ శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంస్థగా ఎదిగి పంతుళ్లను మరచిపోయింది. అక్కడ 1884లో హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివిన కుర్రాడు, మున్ముందు నవలాకారుడిగా పేరుపొందిన హెచ్.జి. వెల్స్. తర్వాత అతను బతుకుతెరువు కోసం పోస్టు ద్వారా పరీక్షలకు తయారుచేసే ట్యుటోరియల్ సంస్థలో చేరి, 1893లో ఆ పరీక్షార్థుల కోసమే జీవశాస్త్ర పాఠ్యపుస్తకం రాశాడు. హక్స్‌లీ శిష్యుడే పరీక్షల వ్యాపారంలోకి వెళ్లాల్సి వచ్చిందంటే ఆ కాలంలో పరీక్ష పట్టు ఎంతటిదో తెలుస్తుంది. 1898లో అన్వేషణా పద్ధతి మీద ప్రసిద్ధ వ్యాసం ప్రకటించిన ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కూడా ఎదురుదెబ్బలు తగిలాయి. పిల్లలు ప్రతిదాన్నీ తిరిగి కనుక్కోవాలంటే బడికాలం చాలదని, ప్రయోగశాలలో గడిపే గంటలకు తగ్గ ఫలం దక్కడం లేదని విమర్శలొచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భౌతికశాస్త్రజ్ఞుడు జె.జె. థామ్సన్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ 1918 నివేదికలో ఇలాంటి అభ్యంతరాలకు చోటిచ్చింది. అభ్యంతరం న్యాయమైనదే. కానీ అది పిల్లవాడి కాలం గురించి. ఉపాధ్యాయుడే ప్రయోగం చేయనక్కర్లేదని ఆ విమర్శకుల్లో ఎవరూ అనలేదు.

మన వైపు చూద్దాం. 1854 నాటి వుడ్ తాఖీదు ఉపాధ్యాయ శిక్షణ బడులు పెట్టాలంది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది. అదే పెరిగి సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులకు ఎల్.టి. అనే బోధనా పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. తెలుగు జిల్లాలకు దగ్గరగా రాజమండ్రిలో 1894లో ట్రైనింగ్ కాలేజీ ఏర్పడింది. నార్మల్ స్కూలు అనే మాటకు మూలం చిన్నబడుల పంతుళ్లకు చదవడం, రాయడం, లెక్కలు చెప్పించే ఒరవడి నేర్పడంలో ఉంది. ఇన్స్పెక్టరు తరగతి వెనక నిలబడి చూస్తే కనిపించేవేవో ఆ ఒరవడి వాటినే నేర్పింది: గొంతు, నల్లబల్ల రాత, ప్రశ్నలడిగే తీరు, క్రమశిక్షణ. హైస్కూలుకు ఎల్.టి. వచ్చినప్పుడు కూడా అచ్చు మారలేదు. చరిత్ర చదివినవాడూ, రసాయనశాస్త్రం చదివినవాడూ ఒకే గదిలో కూర్చుని మనోవిజ్ఞానం, విద్యాచరిత్ర, పాఠశాల నిర్వహణ చదివారు. జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ పేరు మీద అతని శిష్యులు స్థిరపరచిన సోపానాలు (సన్నాహంతో మొదలై అన్వయంతో ముగిసేవి) అన్ని పాఠాలకూ ఒకే నిచ్చెన అయ్యాయి. శివాజీ పాఠానికైనా, సైఫన్ పాఠానికైనా అవే మెట్లు. ఈ నిచ్చెనలో ఉపాధ్యాయుడు ముందే జవాబు తెలిసి, పిల్లల్ని ఆ జవాబు దాకా నడిపిస్తాడు. సరిగ్గా జరగని ప్రయోగానికి అందులో మెట్టు లేదు.

ఆ శిక్షణ వృథా అనడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడి మనసుకు ఒక నడక ఉంటుందని, దాన్ని బట్టి పాఠం కట్టాలని మన పంతుళ్లకు పద్ధతిగా చెప్పిన చోటు అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో సైదాపేటలో శిక్షణ పొందారు. రెండేళ్ల తర్వాత ఆయన మనోవిజ్ఞానం మీద పుస్తకం తెచ్చారు. అంటే ట్రైనింగ్ కాలేజీ దేన్ని పండించగలదో దాన్ని పండించింది. సైన్స్ దాని పంట కాదు. తెలుగులో సైన్స్ పంట ఆ రోజుల్లో వేరేచోట పండింది. కందుకూరి వీరేశలింగం శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం మీద సంగ్రహాలు రాశారు. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం వంటివి పుస్తకాలుగా తెచ్చింది. ఈ రెండు లోకాల మధ్య ఉన్న గోడకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితమే సాక్ష్యం. జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ పర్యటన తర్వాత 1907లో ఆయనను రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు; మండలి పనిలోనూ, తర్వాత గ్రంథాలయోద్యమంలోనూ ఆయన జనానికి చదువు చెప్పారు. ఇక నిజాం రాజ్యంలో 1917లో అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చి సైన్స్‌ను ఉర్దూలోకి తెచ్చాయి. తెలుగు పిల్లవాడికి అదీ పరాయి భాషే. ఎక్కడ చూసినా పుస్తకం మారింది, భాష మారింది. ఉపాధ్యాయుడు ప్రయోగబల్ల దగ్గర నిలబడే సన్నివేశం మాత్రం శిక్షణలోకి రాలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. బి.ఎస్సీ. చదివినవాడు అప్పటికే మూడేళ్లు ల్యాబులో గడిపాడు కదా, ట్రైనింగ్ కాలేజీ మళ్లీ ప్రయోగాలు నేర్పడం దేనికి? విషయం డిగ్రీ కాలేజీ ఇస్తుంది, పద్ధతి ట్రైనింగ్ కాలేజీ ఇస్తుంది. ఈ పని విభజన మీదే నూరేళ్లకు పైగా మన ఏర్పాటు నడిచింది. చూడ్డానికి సబబుగా ఉంది. కానీ డిగ్రీ ల్యాబులో జరిగేదేమిటి? సాల్ట్ అనాలిసిస్‌లో ఇచ్చిన లవణం ఏదో చివరికి తేలాలి, టైట్రేషన్ విలువ దగ్గరగా రావాలి, రికార్డు మీద సంతకం పడాలి. జవాబు ముందే ఉంది. పరికరం అమర్చి ఉంది. చేసేది ఒక్కడు, చూసేవాడు లేడు. హైస్కూలు గదిలో పరిస్థితి పూర్తిగా తలకిందులు. యాభై మంది చూస్తుంటారు, పరికరం సగమే ఉంటుంది, వాన రోజు ఎబొనైట్ కడ్డీ ఎంత రుద్దినా కాగితం ముక్కల్ని లాగదు. అప్పుడు ఎందుకు లాగలేదని పిల్లలతో కలిసి ఆలోచించడమే అసలైన పాఠం. గాలిలో తేమ గురించి అంతకంటే మంచి పాఠం దొరకదు. ఆ క్షణానికి ఉపాధ్యాయుణ్ణి సిద్ధం చేసే బాధ్యత డిగ్రీ కాలేజీ తనది అనుకోలేదు, ట్రైనింగ్ కాలేజీ కూడా అనుకోలేదు. రెండు ఇళ్ల చుట్టం ఏ ఇంటా తినకుండా పడుకున్నట్టు, సైన్స్ బోధన రెండు సంస్థల మధ్య పస్తు పడుకుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ లోటును గుర్తించనివారు లేరు. 1952–53 నాటి లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ హైస్కూలులో సామాన్యశాస్త్రం అందరికీ ఉండాలంది. 1956లో సిమ్లా కొండల్లోని తారాదేవిలో సైన్స్ బోధన మీద అఖిల భారత సదస్సు జరిగింది. 1950ల చివర అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణ మీద సలహాలిచ్చాడు. ఆయన రాకతో మన పాఠ్యపథకం రూపమే మారిపోయింది: జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అనే లక్ష్యాలు, వాటి కింద స్పష్టీకరణలు. తెలుగునాట బి.ఇడి. చేసిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా ఈ నాలుగూ వరసగా చెబుతారు. మంచి ఆలోచనే. కానీ అది కూడా కాగితం మీది గడులు నింపే పనిగా మిగిలింది. నైపుణ్యం అన్న గడిలో పిల్లవాడు పటం గీస్తాడు అని రాస్తే సరిపోయింది. 1964–66 కొఠారి కమిషన్‌కు అధ్యక్షుడు స్వయంగా భౌతికశాస్త్రజ్ఞుడు. పదేళ్ల చదువులో సైన్స్ అందరికీ తప్పనిసరి చేయాలన్న ఆ కమిషనే, ట్రైనింగ్ కాలేజీలు విశ్వవిద్యాలయానికీ, బడికీ దూరంగా ఒంటరి ద్వీపాల్లా ఉన్నాయని నొచ్చుకుంది.

ఈ గోడను బద్దలు కొట్టడానికి జరిగిన నిజమైన ప్రయత్నం మైసూరులో జరిగింది. 1961లో ఏర్పడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో నాలుగు ప్రాంతీయ విద్యా కళాశాలలు తెరిచింది. అమెరికా సహాయంతో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నిపుణులు వాటికి తోడ్పడ్డారు. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరు దిక్కు. ఆంధ్రప్రదేశ్ పిల్లలూ అక్కడికి వెళ్లారు. అక్కడి ప్రత్యేకత నాలుగేళ్ల బి.ఎస్సీ.ఇడి. డిగ్రీ ముగించి శిక్షణకు వెళ్లే బదులు, మొదటి సంవత్సరం నుంచే విషయం, ప్రయోగం, బోధన కలిసి నడుస్తాయి. ఆవరణలోనే ప్రదర్శన పాఠశాల ఉంటుంది, ఉదయం ల్యాబులో చేసింది ఆ బడి పిల్లల ముందు చేసి చూడవచ్చు. హక్స్‌లీ ఆలోచనకు మన గడ్డ మీద దొరికిన దగ్గరి రూపం ఇదే. మరి అది ఎందుకు విస్తరించలేదు? ఖర్చు ఒక కారణం. పట్టా చేతికొచ్చాక చాలామంది బడికి వెళ్లకుండా ఎమ్మెస్సీ వైపో ఇతర ఉద్యోగాల వైపో మళ్లారన్న విమర్శ ఇంకో కారణం. కానీ అసలు కారణం సంఖ్య. ఊరూరా హైస్కూళ్లు వస్తున్న కాలంలో ప్రభుత్వాలకు కావలసింది త్వరగా, చౌకగా దొరికే ట్రైన్డ్ గ్రాడ్యుయేట్లు. మైసూరు కళాశాలే 1966లో, అప్పటికే పనిచేస్తున్న శిక్షణ లేని ఉపాధ్యాయుల కోసం వేసవి తరగతులతో కలిపి కరస్పాండెన్స్ బి.ఇడి. నడపాల్సి వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఏడాది బి.ఇడి.యే రాజ్యమేలింది, ప్రైవేటు కాలేజీలు వందల్లో పుట్టాయి. హాజరు లేని చదువుగా ఆ పట్టాకు వచ్చిన పేరును ఇక్కడ తవ్వి చెప్పనక్కర్లేదు.

సంఖ్య ముందు నాణ్యత తలవంచక తప్పదా? ఈ ప్రశ్నకు పుస్తకాల్లో కాక నేల మీద దొరికిన సమాధానం మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాది. అణుజీవశాస్త్రజ్ఞుడు అనిల్ సద్గోపాల్ స్థాపించిన కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో 16 ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రయోగాల ద్వారా సైన్స్ చెప్పడం మొదలుపెట్టాయి. 1978కి అది జిల్లా అంతటికీ పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది. అక్కడి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా ఎంపికైన మేధావులు కారు. చాలామంది సైన్స్ పట్టభద్రులు కూడా కారు. వేసవిలో ఒక్కో తరగతికి మూడు వారాల చొప్పున, పిల్లలు చేయాల్సిన ప్రతి ప్రయోగాన్నీ మొదట ఉపాధ్యాయులచేతే చేయించారు. టాటా పరిశోధనా సంస్థ నుంచి, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి పక్కన కూర్చున్నారు. బడి తెరిచాక నెలనెలా సమావేశాలుండేవి. తరగతిలో తలెత్తిన చిక్కులు అక్కడికొచ్చేవి. అన్నిటికంటే ముఖ్యం, పరీక్ష మార్చారు. పుస్తకం తెరిచి చూసి రాసే పరీక్ష, దానితో పాటు ప్రయోగ పరీక్ష. పరీక్ష మారాక ఉపాధ్యాయుడికి ప్రయోగం మానేయడానికి సాకు లేకపోయింది. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. దానికి లోపాలు లేకపోలేదు: విషయం పలచబడిందని, తొమ్మిదో తరగతికి వెళ్లిన పిల్లవాడు మామూలు సిలబస్ ముందు తడబడతాడని అన్నారు. ఆ మాటలో నిజం కొంత ఉన్నా, తడబాటుకు కారణం కింది తరగతిలో చేసిన ప్రయోగాలా, పై తరగతిలో లేని ప్రయోగాలా అన్నది తేల్చకుండా తీర్పు చెప్పారు. ముప్పై ఏళ్ల పాటు మామూలు ప్రభుత్వ బడిపంతుళ్లు ఆ పని చేసి చూపించారన్నది మాత్రం చెరగని సాక్ష్యం.

బడిలో ల్యాబే లేనప్పుడు ల్యాబు శిక్షణ ఏం చేసుకోవాలి అనేవారికి హోషంగాబాద్ బడులకు ఇచ్చిన ప్రయోగ పరికరాల కిట్టు పెట్టె సగం జవాబు. మిగతా సగం జవాబు మన బడుల బీరువాల్లో ఉంది. పరికరాలు అసలే లేని బడి కంటే, ఉండి తాళం తీయని బడే ఎక్కువ బాధపెడుతుంది. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన బీకరు పగిలితే ఆ లెక్క ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఉపాధ్యాయుడికి తెలుసు. శిక్షణలో చేతులకు అలవాటు లేదు, ఉద్యోగంలో పగిలితే రక్షణ లేదు. తాళం వేసి ఉంచడమే తెలివైన పని అవుతుంది. పేదరికం ఇక్కడ కారణమే. కానీ వాడని ల్యాబుకు మళ్లీ డబ్బు రాదు కాబట్టి, అది ఫలితం కూడా.

ఇటీవలి మార్పులు చూస్తే, కాలం పెరిగింది గానీ కొలత మారలేదు. ఉపాధ్యాయ విద్య మీద సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. 2014 నిబంధనలతో 2015 నుంచి బి.ఇడి. రెండేళ్లయింది, బడిలో ఇంటర్న్‌షిప్ పెరిగింది. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల సమగ్ర కోర్సునే దారి అంది. అంటే మైసూరు 1963లో నడిచిన దారికి దేశం ఇప్పుడు వస్తోంది. మన సైన్స్ పాఠ్యపుస్తకాల్లో విద్యాప్రమాణాల జాబితాలో ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు చేరాయి. కానీ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రయోగ పరీక్ష లేదు. స్కూల్ అసిస్టెంట్ సైన్స్ పోస్టుకు డి.ఎస్సీ. రాసే అభ్యర్థి టెట్ మార్కులు కలుపుకుని బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తిస్తాడు. ఉద్యోగం వచ్చే దాకా అతను సారాదీపం వెలిగించగలడో లేదో అడిగేవారు లేరు. వెల్స్ కాలంలో పరీక్ష చేసిన పనే ఇప్పుడూ చేస్తోంది.

డి.ఎస్సీ.లో ప్రయోగ పరీక్ష పెడితే సిఫారసులకు తలుపు తీసినట్టే అని వెంటనే అంటారు. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ మార్కులు ఎలా పడతాయో చూస్తున్నవారికి ఆ భయం ఉండటం సహజం. అందుకే దానికి ర్యాంకును నిర్ణయించే మార్కులు ఇవ్వనక్కర్లేదు. పాస్, ఫెయిల్ అన్న అర్హత చాలు. అభ్యర్థి ఏ ప్రయోగం చేయాలో అక్కడికక్కడ చీటీ తీసి నిర్ణయించవచ్చు, వీడియో తీసి భద్రపరచవచ్చు. ఎనిమిదో తరగతి పుస్తకంలోని పరికరాలకు మించి ఏదీ అవసరం లేదు. దానితో పాటు ప్రయోగంలో పగిలిన గాజుసామాను ఏటా కొంత మేర లెక్క నుంచి కొట్టివేసే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చే ఒక్క ఉత్తర్వు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు తర్వాతి డి.ఎస్సీ. నోటిఫికేషన్ నాటికే ఈ రెండూ చేయవచ్చు. ఉపాధ్యాయ సంఘాలు, సైన్స్ ఫోరాలు ఆ కోరికను ఇప్పుడే వాటి ముందు పెట్టాలి.